కాల్టెక్స్ బంకు మీదకి హెచ్‌పీ బోర్డు ఎలా వచ్చింది? బరంపురంలో దొరికిన పాత కాగితాలు, డబ్బాలు

పాతబిల్లు_బరంపురం
బరంపురంలో ఒక పాత గోదాము ఖాళీ చేస్తుంటే అటక మీంచి దిగిన సామాను: కాల్టెక్స్ అనే పాత పెట్రోలు కంపెనీ నక్షత్రం గుర్తున్న బిల్లుల కట్ట (తేదీ ఉన్న మూల చెదలు తినేసింది), స్టాన్‌వాక్ అని అచ్చున్న నాలుగు గాలన్ల డబ్బాలు రెండు, బర్మా షెల్ పింగాణీ బోర్డు ఒకటి, రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు. వీటి చరిత్ర వెతుకుదామంటే నెట్లో ఏ పేజీ చూసినా "హెచ్‌పీ (హిందుస్తాన్ పెట్రోలియం) 1974లో పుట్టింది, విశాఖ రిఫైనరీ హెచ్‌పీది" అని రెండు ముక్కల్లో తేల్చేస్తున్నారు. ఒకచోటైతే ఆ రిఫైనరీని ఎస్సో అనే ఇంకో కంపెనీ కట్టిందని రాసీసారు. అంతకుముందు మన గంజాం, కోరాపుట్‌లకి నూనె ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరమ్మారు? కాల్టెక్స్ బంకు హెచ్‌పీ బంకు ఏ దారిన అయింది? తెలిసినవాళ్ళు వరసగా చెప్పండి. బిల్లులకి తేదీ కట్టడం ఎలాగో కూడా.

మల్కాపురం57
ఎస్సో రిఫైనరీ బొంబాయి ట్రాంబేలో. విశాఖది మొదటి రోజు నుంచీ కాల్టెక్సే. పూర్తి పేరు కాల్టెక్స్ ఆయిల్ రిఫైనింగ్ (ఇండియా) లిమిటెడ్, పొట్టిగా కోరిల్. 1957లో మొదలైంది. తూర్పు తీరానికి మొదటి పెద్ద రిఫైనరీ అదే, విశాఖకి మొదటి పెద్ద పరిశ్రమల్లోనూ ఒకటి. అప్పటి సామర్థ్యం ఏడాదికి ఆరున్నర లక్షల టన్నుల పైచిలుకు. 1985లో 45 లక్షలు, 1999లో 75 లక్షలు, తర్వాత 83 లక్షలు, ఇప్పుడు కోటిన్నర టన్నుల దాకా పెంచారు.

విశాఖలో మల్కాపురం, సింధియా వైపు పెద్దవాళ్ళు ఆ రిఫైనరీని ఇప్పటికీ "కాల్టెక్స్" అనే అంటారు.

పర్లాకిమిడి_చిన్నారావు
మరి మా వైపు పాత హెచ్‌పీ బంకులు ఎస్సోవి అంటారు, కాల్టెక్స్‌వి అని కొందరంటారు. రెండింట్లో ఏదండి నిజం?

చట్టంపుస్తకం
రెండూ నిజమే. హెచ్‌పీలోకి రెండు వేర్వేరు కంపెనీలు రెండు వేర్వేరు ఏళ్ళలో వచ్చి కలిసాయి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా చిక్కులు విడిపోతాయి.

మొదటి పాయ: స్టాండర్డ్ వాక్యూమ్, అంటే మీ డబ్బాల మీదున్న స్టాన్‌వాక్. ఇది 1933లో ఏర్పడింది. ట్రాంబే రిఫైనరీ కోసం 1952 జూలై 5న స్టాండర్డ్ వాక్యూమ్ రిఫైనింగ్ కంపెనీ ఆఫ్ ఇండియాని రిజిస్టరు చేసారు. 1962లో స్టాన్‌వాక్ విడిపోయాక ఇక్కడి వ్యాపారం ఎస్సో పేరుకి మారింది. 1974లో ఎస్సో స్వాధీన చట్టం వచ్చింది. అదే ఏడు జూలై 15న లూబ్ ఇండియా అనే కందెన నూనెల కంపెనీని కూడా కలిపి హిందుస్తాన్ పెట్రోలియం అని పేరు పెట్టారు.

రెండో పాయ కాల్టెక్స్. ఇందులో మళ్ళీ ఇద్దరు. విశాఖలో రిఫైనరీ నడిపిన కోరిల్ ఇక్కడ రిజిస్టరైన కంపెనీ. బంకులు, డిపోలు నడిపి సరుకు అమ్మిన కాల్టెక్స్ (ఇండియా) విదేశంలో రిజిస్టరైన కంపెనీ. అందుకే 1977 నాటి స్వాధీన చట్టం పేరు అంత పొడుగు: కోరిల్‌లో వాటాలు తీసుకున్నారు, కాల్టెక్స్ (ఇండియా)కి ఈ దేశంలో ఉన్న వ్యాపారాన్ని తీసుకున్నారు. ఆ స్వాధీనం 1976 డిసెంబరు చివర నుంచి లెక్క. 1978లో కోరిల్‌ని హెచ్‌పీలో కలిపీసారు.

కాబట్టి ఎస్సో బంకు 1974లో, కాల్టెక్స్ బంకు 1978లో హెచ్‌పీ గూటికి చేరాయి. బంకు బంకుకీ విడిగా చూడాలి తప్ప, ఊరంతటికీ ఒకే జవాబు ఉండదు.

పర్లాకిమిడి_చిన్నారావు
అంటే 1974లో విశాఖ రిఫైనరీ హెచ్‌పీది కానే కాదన్నమాట.

చట్టంపుస్తకం
కాదు. నాలుగేళ్ళ తర్వాత అయింది. నెట్లో పేజీలు తప్పుతున్నది అక్కడే.

లెక్కలమాస్టారు
ఒక చిన్న సవరణ. హెచ్‌పీ పుట్టింది 1974 అనడం కూడా సగం మాటే. కొత్త కంపెనీ పెట్టలేదు, ఉన్న కంపెనీ పేరు మార్చారు. కంపెనీ చట్టం ప్రకారం పుట్టిన తేదీ 1952 జూలై 5.

చట్టంపుస్తకం
నిజమే. కానీ డబ్బాలకీ బోర్డులకీ తేదీ కట్టేటప్పుడు 1952తో పని లేదు. హిందుస్తాన్ పెట్రోలియం అన్న పేరు వస్తువు మీద కనబడితే అది 1974 జూలైకి ముందుది కాదు. సేకరించేవాళ్ళకి పనికొచ్చే గీత అదే.

కోరాపుట్_ఘాటు
1957కి ముందు సంగతి ఎవరూ ఎత్తలేదు. బర్మా షెల్ బోర్డు ఊరికే రాలేదు కదా.

గోపాల్‌పూర్_రేవు
అది రాయవలసిన కథే, గోపాల్‌పూర్ వాళ్ళకి మరీను.

బర్మా ఆయిల్ కంపెనీ 1886లో స్కాట్లండులో రిజిస్టరైంది. బర్మాలోని యెనాంజౌంగ్ బావుల్లో ముడి చమురు తోడి, రంగూన్ అవతల సిరియంలో శుద్ధి చేసి, కిరసనాయిలు మద్రాసుకీ కలకత్తాకీ ఓడల్లో పంపేది. అదే రంగూన్‌కి గోపాల్‌పూర్, కళింగపట్నం, విశాఖ, కాకినాడ రేవుల నుంచి తెలుగు కూలీలు వేలల్లో వెళ్ళారు. సిరియం రిఫైనరీ పనివాళ్ళలో మనవాళ్ళున్నారు. గంజాం మనిషి అక్కడ పని చేసిన నూనే గంజాంలో బుడ్డి దీపాల్లో వెలిగింది. ఈ కంపెనీ చరిత్ర రాసేవాళ్ళు గ్లాస్గో దొరల పేర్లు వరసగా చెప్తారు, ఈ ముక్క మాత్రం వదిలేస్తారు. అది నాకు చాలా బాధ.

1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు రేవులో కాల్చింది బర్మా ఆయిల్ ట్యాంకుల్నే. 1928లో బర్మా ఆయిల్, షెల్ ఇక్కడి అమ్మకాల కోసం చేతులు కలిపి బర్మా షెల్ ఆయిల్ స్టోరేజ్ అండ్ డిస్ట్రిబ్యూటింగ్ కంపెనీ పెట్టారు. మీ బోర్డు ఆ కంపెనీది కాబట్టి 1928కి ముందుది కాదు.

1942 మార్చిలో జపాను సైన్యం రంగూన్ మీదకి వస్తుంటే బ్రిటిష్‌వాళ్ళే సిరియం రిఫైనరీని పేల్చీసారు. ఏప్రిల్లో యెనాంజౌంగ్ బావులూ పోయాయి. దాంతో బర్మా నూనె ఆగిపోయింది. పేరులో బర్మా మిగిలినా, ఆ తర్వాత సరుకు ఎక్కువగా పశ్చిమాన గల్ఫ్ వైపు నుంచే.

1976 జనవరిలో బర్మా షెల్ ప్రభుత్వపరమై భారత్ రిఫైనరీస్ అయింది, 1977 ఆగస్టులో భారత్ పెట్రోలియం. మీ బోర్డుకి కొనసాగింపు బీపీసీ, హెచ్‌పీ కాదు.

నౌపడ_చిన్నబండి
రేవు గారు ఓడల దాకా చెప్పారు, రేవు నుంచి ఊళ్ళోకి రావడం చెప్పాలి.

బరంపురానికి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పెద్ద లైను ఉండేది కాబట్టి అక్కడికి వ్యాగన్లు నేరుగా వచ్చేవి. పర్లాకిమిడికి అప్పట్లో అలా కుదిరేది కాదు. నౌపడ నుంచి 1900లో వేసింది రెండున్నర అడుగుల చిన్న లైను, 1931కి గుణుపురం చేరింది. పెద్ద లైను ట్యాంకు వ్యాగన్ దాని మీద ఎక్కేది కాదు. నౌపడలో దింపి మళ్ళీ ఎక్కించవలసి వచ్చేది. అందుకే ఆ దారిలో డబ్బాలకీ పీపాలకీ అంత గిరాకీ. డబ్బా అంటే నాలుగు ఇంపీరియల్ గాలన్లు, 18 లీటర్ల పైన కొంచెం. రెండేసి డబ్బాలు ఒక చెక్కపెట్టెలో వచ్చేవి. ఒక మనిషి ఎత్తగలిగే బరువు.

ఎత్తీ దింపీ చేసినప్పుడల్లా టంకం అతుకులు వదిలి కారేది. మీ డబ్బాల అడుగున అతుకు చూడండి, రెండోసారి టంకం పెట్టిన గుర్తు కనబడొచ్చు.

కోరాపుట్_ఘాటు
రాయగడకి 1931లో విజయనగరం–రాయపూర్ లైను పూర్తయింది కాబట్టి వాళ్ళకి కొంత సుఖం. జయపురానికి 1960ల చివర్లో కొత్తవలస–కిరండూల్ లైను వచ్చేదాకా రైలే లేదు. సరుకంతా సాలూరు మీదుగా సుంకి ఘాటెక్కి, పొట్టంగి, కోరాపుట్ దాటి రోడ్డునే రావాలి. ఆ మలుపుల్లో కుదుపులకి డబ్బా కన్నా 200 లీటర్ల ఇనప పీపా నయం. అయితే పీపాని నిండా నింపకూడదు. కింద చల్లటి రాత్రి నింపి మధ్యాహ్నం ఎండలో పైకెక్కిస్తే పెట్రోలు ఉబ్బుతుంది. పది డిగ్రీలు వేడెక్కితే నూటికి ఒక లీటరు పైన పెరుగుతుంది. ఖాళీ లేకపోతే మూత మరలోంచి తన్నుకొస్తుంది. దించాక కొలిస్తే తక్కువొచ్చిందని గొడవలు ఇక్కడే మొదలవుతాయి.

రాయగడ_రమణ
సుఖమా! వేసవిలో ఆ వ్యాగన్ల కోసం ఎదురుచూసినవాళ్ళని అడగాలి.

పాతబిల్లు_బరంపురం
ఇంత వస్తుందనుకోలేదు. బిల్లు మళ్ళీ చూసాను. పెట్రోలు గాలన్లలో ఉంది. ధర రూపాయలు, న.పై. అని రెండు గళ్ళు. కింద "ఎస్.ఇ. రైల్వే" అని స్టేషన్ పేరు. పిన్ కోడ్ లేదు. ఫోను నంబరు రెండంకెలు.

లెక్కలమాస్టారు
ఇన్ని గుర్తులుంటే తేదీ చాలా దగ్గరికి వస్తుంది.

న.పై. అంటే నయా పైసలు. 1957 ఏప్రిల్ 1న మొదలయ్యాయి, 1964 జూన్ 1 నుంచి "నయా" తీసేసి పైసలు అన్నారు. ముందువైతే అణాలు, పైలు ఉండాలి. సౌత్ ఈస్టర్న్ రైల్వే 1955 ఆగస్టు 1న ఏర్పడింది. 1952 దాకా అయితే బి.ఎన్.ఆర్. (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) ఉంటుంది. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది, లేకపోవడం దీనికి సరిపోయింది. గాలన్లు ఉన్నాయి కాబట్టి లీటర్లకి మారకముందుది. లీటర్ల మార్పు 1960ల మొదట్లో జరిగింది. అంటే 1957 ఏప్రిల్‌కీ 1960ల మొదటికీ మధ్య.

ఇంకా పాత కాగితాలు దొరికితే చిరునామా చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమయింది. "గంజాం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ" అనుంటే అంతకుముందుది. కాల్టెక్స్ అనే కంపెనీ ఏర్పడిందే 1936లో, రెండు అమెరికా కంపెనీల ఉమ్మడిగా. కాబట్టి మద్రాసు ప్రెసిడెన్సీ చిరునామాతో గంజాం కాల్టెక్స్ బిల్లు ఎవరైనా అమ్మజూపితే బాగా అనుమానించండి.

పర్లాకిమిడి_చిన్నారావు
మాస్టారూ, ఒక్క అభ్యంతరం. అచ్చు బిల్లు పుస్తకాలు మిగిలిపోతే ఏళ్ళ తరబడి వాడేస్తారు. అచ్చులో గాలన్లుంటే చాలదు కదా?

లెక్కలమాస్టారు
మంచి ప్రశ్న. అందుకే అచ్చు అక్షరాలకన్నా చేతిరాతని నమ్మాలి. మొత్తాన్ని పరిమాణంతో భాగించండి. వచ్చిన ధర గాలనుకా లీటరుకా అన్నది వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే గాలను 4.546 లీటర్లు, తేడా నాలుగున్నర రెట్లు. అణాల గడి కొట్టేసి చేత్తో న.పై. రాసుంటే ఆ పుస్తకం 1957కి ముందు అచ్చయింది, తర్వాత వాడారు.

మల్కాపురం57
ధర సంగతి వచ్చింది కాబట్టి. ఆ రోజుల్లో ధర "దిగుమతి సమానం" పద్ధతిలో కట్టేవారు. సరుకు ఎక్కడ శుద్ధి చేసినా సరే, విదేశీ రేవులో ధర, ఓడ కిరాయి, బీమా, సుంకం కలిపి మన రేవు ధర. దాని మీద రైలు కిరాయి, డిపో ఖర్చు, డీలరు కమీషన్. విశాఖ నుంచి బరంపురానికి రైల్లో సుమారు 280 కిలోమీటర్లు, హౌరా నుంచి 600. మన పక్కనే రిఫైనరీ వచ్చాక తగ్గేది లోపలి కిరాయి ఒక్కటే, అసలు ధర ఆ సూత్రంతోనే నడిచింది. ప్రభుత్వం వేసిన దామ్లే కమిటీ 1961లో ఈ ధరల లెక్క విప్పి చూసింది.

1960లో సోవియట్ ముడి చమురు చవగ్గా వస్తుంటే, దాన్ని శుద్ధి చేయడానికి ఈ విదేశీ కంపెనీలు ఒప్పుకోలేదు. 1951–53 నాటి రిఫైనరీ ఒప్పందాల్లో పాతికేళ్ళు జాతీయం చేయమని హామీ ఉంది. 1976 తేదీలు ఎందుకలా పడ్డాయో దాన్నిబట్టి అర్థమవుతుంది.

చట్టంపుస్తకం
హామీ ఒక్కటే కారణం కాదు మల్కాపురం గారూ. ఎస్సోది 1951 ఒప్పందం, 1974లోనే తీసుకున్నారు, పాతికేళ్ళు నిండకుండానే. 1973 చమురు సంక్షోభం అన్నిటినీ ముందుకి తోసింది.

మల్కాపురం57
ఎస్సో విషయంలో ఒప్పుకుంటాను. కాల్టెక్స్ ఒప్పందం 1953ది, లెక్క చూస్తే దాన్నీ పాతికేళ్ళు నిండకుండానే తీసుకున్నారు. రిఫైనరీ చరిత్రలో ఇంకోటి వదలకూడదు: 1997 సెప్టెంబరు 14 ఎల్పీజీ ప్రమాదం. అరవై మంది దాకా పోయారు. సామర్థ్యం అంకెల పక్కన ఈ తేదీ కూడా రాయాలి.

రాయగడ_రమణ
బోర్డు మీద తుప్పు మరకలుంటే చింతపండు గుజ్జు పట్టించి తోమితే తళతళలాడుతుంది. లేదా బాత్రూం యాసిడ్ చుక్క.

పింగాణీరేకు
దయచేసి ఆ పని చేయకండి! పాత ఎరుపు, పసుపు పింగాణీలు పులుపుకి మెరుపు పోగొట్టుకుంటాయి, మళ్ళీ రాదు. బర్మా షెల్ బోర్డులో ఉన్నవే ఆ రెండు రంగులు. యాసిడ్ అయితే పెచ్చు ఊడినచోట లోపలికి దూరి, పైకి బాగున్న పింగాణీ కింద ఇనుముని తింటుంది. ఆర్నెల్ల తర్వాత అరచేయంత పెచ్చు లేస్తుంది.

ముందు అసలుదో నకిలీయో చూడండి. అసలు పింగాణీ అంటే గాజు పొడిని ఇనప రేకు మీద వేసి సుమారు 800 డిగ్రీల దగ్గర కాల్చింది. మొదట నల్లటి అడుగుపూత, దాని మీద ఒక్కో రంగూ విడిగా. పెచ్చు ఊడినచోట అంచున ఆ నల్లపూత గీతలా కనబడాలి. అక్షరం అంచు మీద గోరు పోనిస్తే మెట్టు తగలాలి. మేకు కన్నాలు కాల్చకముందే కొడతారు కాబట్టి కన్నం అంచుల్లోకి కూడా పింగాణీ దిగి ఉంటుంది. నకిలీల్లో కన్నం తర్వాత పడుతుంది, లోపల బోడి ఇనుము. బరువు తూయండి: ఆ కొలతలో 1.2 మిల్లీమీటర్ల రేకైతే ఇనుమే అయిదు కిలోల పైన ఉంటుంది. పల్చటి రేకు మీద అచ్చేసిన నకిలీ రెండు కిలోలు దాటదు.

అసలుదని తేలితే, గోరువెచ్చని నీళ్ళలో ఒక చుక్క సబ్బు, మెత్తటి గుడ్డ. నానబెట్టకూడదు. వెంటనే పొడిగా తుడవాలి. పెచ్చుల దగ్గర తుప్పుని నైలాన్ కుంచెతో దులిపి, టానిక్ యాసిడ్ కలిసిన తుప్పు మందు సన్నటి కుంచెతో ఇనుము మీద మాత్రమే పెట్టండి, పింగాణీకి తగలనీయకండి. నలుపు తిరిగాక ఆరనిచ్చి, పల్చగా మైనం రాయండి. గరుకు కాగితం వద్దు, ఆ రంగుల పొడిలో సీసం, కాడ్మియం ఉండొచ్చు. గోడకి బిగించేటప్పుడు మర కింద తోలు గానీ రబ్బరు గానీ వాషరు వేసి, చేతి బిగువుతో ఆపేయండి. ఎక్కువ తిప్పితే కన్నం చుట్టూ నెలవంకలా పెచ్చు లేస్తుంది.

రాయగడ_రమణ
ఇప్పుడు మీరే చెప్పారుగా టానిక్ యాసిడ్ అని! అదీ పులుపే కదా.

పింగాణీరేకు
బలహీనమైంది, అదీ బోడి ఇనుము మీద చుక్క. బోర్డంతా తోమడం వేరు.

నౌపడ_చిన్నబండి
డబ్బాలకి ఒక జాగ్రత్త. ఖాళీగా కనిపించే పాత డబ్బా, పీపా దగ్గర వెల్డింగు, టంకం, నిప్పు పనికిరావు. అతుకుల్లో మిగిలిన కాస్త జిడ్డు వేడికి ఆవిరైతే చాలు పేలడానికి. ఆ ఆవిరి గాలికన్నా బరువు, పైకి పోకుండా అడుగునే కూర్చుంటుంది, వాసన చూస్తే తెలీదు. పైగా ఆ అతుకుల్లో సీసం ఉంటుంది, తిండి గింజలు పొయ్యకండి.

పాతబిల్లు_బరంపురం
అందరికీ చాలా థాంక్సండి. బోర్డు తూచాను, అయిదున్నర కిలోలు. అడుగున నల్లపూత గీత ఉంది. ఇంకొక్కటి: మా వీధి చివర హెచ్‌పీ బంకు ముందు ఎస్సోదా, కాల్టెక్స్‌దా అని కాగితాల్లో తేల్చుకోవాలంటే ఎక్కడ చూడాలి?

చట్టంపుస్తకం
మూడుచోట్ల. ఒకటి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. బంకు స్థలం చాలాచోట్ల కంపెనీ లీజుకి తీసుకునేది. స్థలం యజమాని పేరు, గ్రామం, ప్లాటు నంబరు ఇచ్చి భారాల ధ్రువపత్రం (ఈసీ) అడగండి, 1950ల నుంచి. లీజు రాయించుకున్న కంపెనీ పేరు అందులో పడుతుంది. రెండు, పేలుడు పదార్థాల శాఖ లైసెన్సు. 1934 పెట్రోలియం చట్టం కింద భూమిలో ట్యాంకు పెట్టాలంటే లైసెన్సు, దాంతో ఆమోదించిన నక్షా తప్పనిసరి. డీలరు దగ్గర పాత కాపీ ఉంటే లైసెన్సు ఎవరి పేరున పుట్టిందో, ఏ ఏడు పేరు మారిందో వెనకపేజీ మార్పుల్లో ఉంటుంది. మూడు, డీలరుషిప్ ఒప్పందం. 1976 డిసెంబరుకీ 1978కీ మధ్య కాగితంలో కోరిల్ పేరు కనబడితే అది కాల్టెక్స్ పాయ అని రూఢి చేసుకోవచ్చు.

బిల్లుల్ని లామినేషన్ చేయించకండి, సెలోటేపు వేయకండి. పాలియెస్టర్ కవర్లో పెట్టి చదునుగా ఉంచండి.

కోరాపుట్_ఘాటు
ఆ బంకు వెనక పాత చేతి పంపు ఏమైనా పడుందేమో చూడండి. పైన గాజు కొలపాత్ర ఉండి, మీట కొట్టి నింపేది. గాజు మీద గీతలు గాలన్లలో ఉంటే మీ బిల్లు కాలానిదో, అంతకుముందుదో.

పర్లాకిమిడి_చిన్నారావు
అలాంటిది గుణుపురం రోడ్డులో ఒక తుక్కు కొట్లో ఉంది. మీట కదుల్తుంది కానీ పైకి ఏమీ ఎక్కడం లేదు. ఏటి పోయుంటుంది?

కోరాపుట్_ఘాటు
రెండే అనుమానాలు. పిస్టను మీద తోలు కప్పు ఎండిపోయి గోడకి ఆనడం లేదు, లేదా గొట్టం అడుగున ఫుట్ వాల్వు కూర్చోవడం లేదు. పెట్రోలు వద్దు, నీళ్ళతో చూడండి. పైనుంచి గొట్టం నిండా నీళ్ళు పోసి పావుగంట ఆగండి. మట్టం దిగిపోతే ఫుట్ వాల్వు: విప్పి కూర్చునే అంచు మీద తుప్పు, ఇసక తీసి, సన్నటి రుద్దుడు పేస్టుతో వాల్వుని దాని సీటులోనే తిప్పి అరగదీయండి. మట్టం నిలిచి ఉండి కూడా ఎక్కకపోతే తోలు కప్పు: ఆముదంలో రాత్రంతా నానబెట్టి, పెదవి పైకి ఉండేలా బిగించండి. తోలు చీలి ఉంటే చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర అదే మందం తోలు తెచ్చి, తడిపి, చెక్క అచ్చులో వత్తి కొత్తది చేసుకోవాలి. గాజుపాత్రని మాత్రం విప్పకండి, కింద కార్కు రబ్బరులా ఉండదు, కదిపితే పొడిపొడి అయిపోతుంది.

పర్లాకిమిడి_చిన్నారావు
ఆదివారం వెళ్ళి నీళ్ళు పోసి చూస్తాను. గాజు మీద గీతల ఫొటో పెడతాను.